అన్నం రోజు, అన్నం లేని రోజు: తీరిక లేనివారికి ఏ చక్రం సరిపోతుంది?

గుణుపురంలో నేను మధ్యాహ్నం తినే హోటలులో యజమాని గరిటె నిండా అన్నం తీసుకుని "భాతొ దెబి కి?" అని అడుగుతాడు. అన్నం పెట్టమంటావా అని. పదకొండేళ్లుగా నేను తల ఊపడమే తప్ప వద్దన్నది లేదు. మొదటిసారి వద్దన్న రోజున ఆయన గరిటెను గాలిలోనే ఆపి, జ్వరమా అని అడిగాడు. ఒడిశా సరిహద్దులో, మన ఇళ్లలోనైనా వారి ఇళ్లలోనైనా, అన్నం వద్దన్న మనిషికి ఒంట్లో బాగాలేదనే అర్థం.

నేను మందుల కంపెనీ ప్రతినిధిని. రాయగడ, గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి, నెలకు రెండుసార్లు మునిగుడ. కుదిరితే రైలు, లేకపోతే మోటారుసైకిలు. నడుము కొలత 98 సెంటీమీటర్లకు చేరాక (మన దేశపు మగవారికి 90 దాటితేనే జాగ్రత్తపడాలంటారు) పిండిపదార్థాలను కొన్ని రోజులు తగ్గించి, కొన్ని రోజులు పెంచే చక్ర పద్ధతులు మొదలుపెట్టాను. మూడు రకాలు, ఒక్కొక్కటి రెండు నెలలు. ఏది ఎవరికి కుదురుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో నా అనుభవంతో, చుట్టూ చూసినదానితో చెబుతాను. నా తీర్పు ముందే చెప్పేస్తే, తగ్గించే రోజుల్ని ఎవరైనా ఎలాగో లాగేస్తారు. చక్రం నిలిచేదీ, కూలేదీ అన్నం తినే రోజునే.

ముందు ఒక్కసారి తూచండి

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా మీ కంచంలో ఎంత ఉందో తెలియాలి. ఇంట్లో "కొంచెం" అని వడ్డించుకున్న అన్నాన్ని వంటింటి తక్కెడ మీద పెట్టాను. 430 గ్రాములు! వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే నా "కొంచెం" 120 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజు మొత్తానికి సూచించినది 130. ఉదయం నాలుగు ఇడ్లీలు, దారిలో మూడు పంచదార టీలు, సాయంత్రం మరమరాలతో బరా (మినప గారెలు), రాత్రి మళ్లీ అన్నం కలిపితే నా మామూలు రోజు 350 దాకా వెళుతోంది.

ఇక్కడే మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. చోడి (రాగి) అంబలి తాగితే పిండి తక్కువ అనుకుంటారు. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ తర్వాత రాగులకు, సామలకు మా జిల్లాలో మంచి గౌరవం వచ్చింది, అది న్యాయమే. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో నలభయ్యో వంతు కూడా ఉండదు. పిండి దగ్గర మాత్రం అంత తేడా లేదు. రాగుల్లో దాదాపు 67 గ్రాములు, బియ్యంలో 78. యాభై గ్రాముల పిండితో కాచిన చెంబెడు మాండియా జావులో 33 గ్రాములు ఉన్నట్టే. అంబలి అన్నం రోజుకు చక్కటి తిండి, అన్నం లేని రోజు లెక్కలోకి రాదు. పఖాల కూడా అంతే. చల్లారిన అన్నంలో కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారే మాట నిజమే గానీ, కుండెడు చద్దన్నాన్ని మాఫీ చేసేంత కాదు.

ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు

మొదటిది మందులు. నేను మందులు అమ్మేవాడినే గానీ వైద్యుడిని కాను, అయినా దీని మీద గట్టిగానే చెబుతాను. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నాకు తెలిసిన ఒక కిరాణా వ్యాపారి ఇలాగే ఉదయం మాత్ర వేసుకుని, టిఫిను మానేసి కొట్టు తెరిచాడు. పది గంటలకు కౌంటరు వెనుక చెమటలు పట్టి, చేతులు వణికి, చిల్లర లెక్కపెట్టలేకపోయాడు. పక్క కొట్టు కుర్రాడు పంచదార నీళ్లు తాగించాడు కాబట్టి సరిపోయింది. మధుమేహానికే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారిది మరో ప్రమాదం. పిండి బాగా తగ్గిస్తే, చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటో ఆమ్లాలు పేరుకోవచ్చు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు. మా ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ. పిండి తగ్గించిన మొదటి రోజుల్లో ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. సికిల్ సెల్ ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గడమే నొప్పులు తిరగబెట్టే కారణాల్లో ఒకటి. వారికి ఈ మూడు చక్రాల్లో ఏదీ వద్దు.

రెండోది, వారంలో ఒళ్లు వంచి పనిచేసే రోజులు ఏవి? మూడోది, వండేది ఎవరు? నాలుగోది, ఎన్ని పూటలు బయట తింటారు? ఐదోది, మీ పంచాంగం ఎలా ఉంది? చివరిది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నా మొదటి చక్రాన్ని దెబ్బతీసింది అదే.

మూడు పద్ధతులు పక్కపక్కన

| | ఐదు తగ్గింపు, రెండు పెంపు | శ్రమను బట్టి | రోజుకు ఒక్క పూట అన్నం |
|---|---|---|---|
| తగ్గించిన రోజు పిండిపదార్థాలు | 50 గ్రాముల లోపు | 80–100 గ్రాములు | రోజూ 120–140 గ్రాములు |
| పెంచిన రోజు | 200–250 గ్రాములు | సుమారు 200 గ్రాములు | విడిగా లేదు |
| వంటింటి భారం | ఎక్కువ, రెండు వంటలు | మధ్యస్థం | తక్కువ |
| బయట భోజనం | చాలా కష్టం | ఫరవాలేదు | సులువు |
| మొదటి వారం | తలనొప్పి, నీరసం | కొద్దిగా ఆకలి | రాత్రి వెలితి |
| కార్తీకంలో | దాదాపు అసాధ్యం | కుదురుతుంది | కుదురుతుంది |

ఐదు తగ్గింపు, రెండు పెంపు

ఉపవాసాల్లో చెప్పే ఐదు-రెండు పద్ధతి ఇది కాదు. ఇక్కడ ఐదు రోజులు కీటో ఆహారం (పిండి బాగా తగ్గించి, ఒళ్లు కొవ్వు మీద నడిచేలా చేసే తిండి) తిని, రెండు రోజులు పిండిపదార్థాలు పెంచుతారు. పేరు గొప్పగా ఉంటుంది, ఫలితం మొదట్లో మరీ గొప్పగా కనిపిస్తుంది. నాకు తొలి వారంలో 2.3 కిలోలు తగ్గింది. దాన్ని చూసి పొంగిపోవడానికి లేదు. మన కాలేయంలో, కండరాల్లో కలిపి దాదాపు అరకిలో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండి) నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. పిండి మానేస్తే ముందు కరిగేది ఆ నిల్వ, వెంట పోయేది ఆ నీరు. శనివారం అన్నం తినగానే ఆదివారం పొద్దున కిలోన్నర తిరిగి వచ్చింది. ఎంతో మంది ఇక్కడే మోసపోయామనుకుని వదిలేస్తారు.

ఇందులో మరో చిక్కు ఉంది. ఒళ్లు కొవ్వును కీటోన్లుగా మార్చుకునే స్థితికి రావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆదివారం దాకా అన్నం తిని సోమవారం మానేస్తే బుధవారమో గురువారమో గానీ ఆ స్థితి రాదు, శనివారం మళ్లీ అన్నం. ఐదు రోజుల కష్టానికి రెండు రోజుల కీటో.

నా అన్నం లేని రోజు ఇలా ఉండేది: ఉదయం మూడు గుడ్లు, మధ్యాహ్నం చేప పులుసూ సంతులా (కూరగాయలు కలిపి ఉడికించే ఒడియా కూర), సాయంత్రం గుప్పెడు వేరుశనగలు, రాత్రి పెరుగూ ఆకుకూరా, పంచదార లేని టీ మూడుసార్లు. దీనికి చిన్న గిన్నెడు కందిపప్పు చేరిస్తే యాభై దగ్గరికి వచ్చేస్తుంది. ఎండిన కందిపప్పులో సగానికి పైగా పిండే, మాంసకృత్తులు ఐదోవంతు. పప్పంటే మాంసకృత్తులే అని చదువుకున్న మనకు ఇది మింగుడుపడదు. పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా అయితే ఇంకా ఎక్కువ, అందులో బంగాళాదుంప, కంద, అరటికాయ కూడా పడతాయి.

మూడో రోజున కాశీనగర్ నుంచి పర్లాకిమిడి వెళుతుంటే తల పగిలిపోయింది. చెట్టు కింద బండి ఆపి, పచారీ కొట్టులో మజ్జిగ అడిగి, చెంచాడు ఉప్పు వేయించుకుని తాగాను. అరగంటలో తగ్గింది. అది ఆకలి కాదు, ఉప్పు తగ్గడం. అందుకే రక్తపోటు ఉన్నవారు అడగకుండా చేయవద్దంటున్నాను.

ఇక అన్నం రోజుల సంగతి. తగ్గించిన ఐదు రోజులూ రోజుకు 500 కేలరీలు మిగిలాయనుకోండి, వారానికి 2,500. శని, ఆదివారాల్లో రోజుకు 1,200 కేలరీలు అదనంగా తింటే 2,400 తిరిగి వచ్చేశాయి. ఇది అతిశయోక్తి కాదు. ఐదు రోజులు నోరు కట్టుకున్న మనిషి ముందు ఆదివారం కోడికూర, నెయ్యి అన్నం, ఛెనా పొడొ (విరిగిన పాల ముద్దను కాల్చి చేసే మిఠాయి) పెట్టి చూడండి. అన్నం రోజున పెంచవలసింది పిండిని, తగ్గించవలసింది నూనెను, నెయ్యిని. అన్నం, చారు, చేప పులుసు, అంబలి, అరటిపండు సరే. పలావు, వేపుడు, మిఠాయి ఒకే కంచంలో వద్దు. రెండు నెలల చివర నా లెక్క 2.6 కిలోలు, అందులో 2.3 మొదటి వారానివే.

ఇది ఎవరికి? ఒంటరిగా ఉంటూ, తన వంట తానే చేసుకుని, వారానికి నాలుగు రోజులు బరువులెత్తే వ్యాయామం చేసే కుర్రాళ్లకు. కుటుంబంతో ఉండేవారికి నేను చెప్పను. మా అమ్మ వారం రోజులు ఓపిక పట్టి, "ఒరే, నీకొక పొయ్యి, మాకొక పొయ్యి పెట్టమంటావా?" అని అడిగింది. ఖర్చు కూడా చూడాలి. రేషను బియ్యం ఉచితంగా వచ్చే ఇంట్లో రోజుకు మూడు గుడ్లు, పావుకిలో చేప ఒక్క మనిషికే అంటే కంచాల మధ్య గీత గీసినట్టే.

శ్రమను బట్టి మార్చడం

రెండోది నాకు ఆలోచనలో బాగా నచ్చిన పద్ధతి. కష్టపడే రోజున అన్నం, కూర్చునే రోజున తగ్గింపు. తగ్గించిన రోజునా చిన్న కప్పు అన్నమో రెండు ఇడ్లీలో, ఒక గిన్నె పప్పో ఉంటాయి కాబట్టి తలనొప్పి రాదు.

మా సరిహద్దు జీవితానికి ఇది సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే ఇక్కడ వారం సంతల చుట్టూ తిరుగుతుంది. బుధవారం చటికోన సంతకు సరుకు వేసుకెళ్లే వ్యాపారి తెల్లవారకముందే బస్తాలు ఎత్తుతాడు, సాయంత్రం మళ్లీ ఎత్తుతాడు. అతనికి బుధవారం అన్నం రోజు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే సోమ, మంగళవారాలు తగ్గింపు రోజులు. ఊడ్పుల్లో ఉన్న రైతుకు ఆ పక్షమంతా అన్నం రోజులే, తగ్గించే ఆలోచన కోత అయ్యాక చూసుకోవచ్చు.

నేను చేసిన తప్పు చెబుతాను. మునిగుడ వెళ్లి వచ్చిన రోజును కష్టపడిన రోజుగా లెక్కేశాను. బండి మీద అంత దూరం తిరిగితే ఒళ్లు హూనమవుతుంది, నిజమే. కానీ అలసట వేరు, శ్రమ వేరు. ఎండ, దుమ్ము, గతుకులు మనిషిని అలసిపోయేలా చేస్తాయి గానీ తొడ కండరాల్లోని నిల్వను అంతగా ఖర్చు చేయవు. వారంలో నాలుగు రోజులు ఇలాంటి "కష్టం" రాసుకుని నాలుగు రోజులూ అన్నం తిన్నాను. రెండు నెలలకు తగ్గింది 1.9 కిలోలు. తరగతిలో నిలబడే టీచర్లు, బస్సు డ్రైవర్లు, బ్యాంకు కౌంటరులో రోజంతా మాటపడే గుమాస్తాలు ఈ ఉచ్చులో పడకూడదు. చెమట పట్టి, ఊపిరి వేగం పెరిగి, ముప్పావు గంట దాటిన పనికే అన్నం రోజు.

కాగితపు మిల్లులో, ఫెర్రో అల్లాయ్ కర్మాగారంలో షిఫ్టులు చేసేవారు ఈ పద్ధతిని కొద్దిగా మార్చుకోవాలి. రాత్రి వేళ మన ఒళ్లు చక్కెరను పగటంత బాగా సర్దుకోలేదు. రాత్రి షిఫ్టు వారంలో అన్నం సాయంత్రం డ్యూటీకి బయలుదేరే ముందే తినేయాలి. అర్ధరాత్రి డబ్బాలో ఉడికించిన గుడ్లు, శనగలు, దోసకాయ ముక్కలు పెట్టుకోండి. క్యాంటీను పూరీ, ఘుగుని (బఠానీ కూర) వాసన లాగుతుంది. డబ్బా ముందు ఖాళీ చేసి ఆ వైపు వెళితే సగం గెలిచినట్టే.

రోజుకు ఒక్క పూట అన్నం

దీన్ని చక్రం అనవచ్చా అని కొందరు వాదిస్తారు. నా లెక్కలో ఇది వారం చక్రాన్ని ఒక్క రోజులోకి కుదించడమే. మధ్యాహ్నం కంచం నిండా కాకుండా 250 గ్రాముల అన్నం, పప్పు, కూర, మజ్జిగ. ఉదయం, రాత్రి అన్నం, ఇడ్లీ, రొట్టె ఉండవు. ఉదయం పెసరట్టు ఒకటి లేదా గుడ్లు, రాత్రి కూరలు, చేప, ఛెనా (విరిగిన పాల ముద్ద), పెరుగు.

ఇందులో పెద్ద సుఖం, ఇంట్లో ఒకే వంట. కూర ఎక్కువగా వేసుకుంటారు, అన్నం గిన్నె మీ వైపు రాదు, అంతే. హోటలు యజమానికి కూడా జ్వరమని అనుమానం రాదు. రెండు నెలల్లో తగ్గింది 2.4 కిలోలు, నడుము నాలుగు సెంటీమీటర్లు. మొదటి వారం తక్కెడ ముల్లు దాదాపు కదలదు. సహనం లేనివారికి అదే దీని లోపం. రెండో లోపం, రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఆ వెలితి. మునగాకు వేసిన చారు గిన్నెడు వేడిగా తాగితే నాకు గడిచేది, ఒక్కోసారి గడిచేది కాదు.

పరిశోధనల మాటకొస్తే, 2018లో స్టాన్‌ఫర్డ్ వారు 609 మంది మీద ఏడాది పాటు చేసిన పరీక్షలో కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదని పరిశోధకులే తేల్చారు. అందులో చక్రాలేమీ లేవు. చక్రపద్ధతుల మీద అంత పెద్ద, అంత దీర్ఘమైన పరీక్షలు తక్కువే. కాబట్టి రెండు పద్ధతుల మధ్య ఊగిసలాడేవారు ఎక్కువ తగ్గేది ఏదని కాకుండా, వచ్చే ఏడాదికి కూడా చేయగలిగేది ఏదని చూసుకోవడం మంచిది.

పంచాంగం అడ్డొచ్చినప్పుడు

మొదటి చక్రం కార్తీకంలో మొదలుపెట్టడం నా తెలివితక్కువతనం. ఆ నెలంతా మా వీధిలో ఒడియా ఇళ్లలో చేప, గుడ్డు ఉండవు, మా ఇంట్లో అమ్మకు సోమవారాలు. చివరి ఐదు రోజుల పంచుక వచ్చిందంటే ఏడాది పొడవునా మాంసం మాననివారూ మానేస్తారు. బజారులో చేపలు అమ్మేవారే పలచబడతారు. చేప, గుడ్డు తీసేస్తే ఛెనా, పెరుగు, వేరుశనగ మిగులుతాయి. వాటితో ఐదు రోజులు 50 గ్రాముల లోపు ఉండడం రెండు వారాలకే వెగటు పుట్టించింది. ఉలవలు ఉన్నాయి కదా అంటారు. ఉలవల్లోనూ సగానికి పైగా పిండే.

తర్వాతి నెల మార్గశిరం. లక్ష్మివారాలు. పక్కింటి మాణబసా పూజ (ఒడియా వారి గురువారపు లక్ష్మీపూజ) నుంచి మండా పిఠా (పూర్ణం కుడుములు), మన ఇంట్లో పరమాన్నం. ఏ డైట్ చార్టూ గురువారాన్ని అన్నం రోజుగా చూపదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా తగ్గించమంటుంది. నా మొదటి చక్రంలో ఆ నాలుగు గురువారాలూ చార్టు ప్రకారం తగ్గింపు రోజులే అయ్యాయి, నాలుగూ తప్పాను. తప్పానన్న చికాకుతో శుక్రవారం కూడా తినేశాను. గురువారాన్నే అన్నం రోజుగా రాసుకుని ఉంటే తప్పేదేమీ లేదు. అందుకే వారం మొదలయ్యే ముందు ఆదివారం రాత్రి క్యాలెండరు చూసి, పూజలు, పెళ్లిళ్లు, సంత, రజొ పండుగ పొడొ పిఠా (కాల్చిన తీపి రొట్టె) ఎప్పుడున్నాయో గుర్తు పెట్టుకుని, ఆ రోజుల్నే అన్నం రోజులుగా వాడండి. వారానికి రెండుకు మించితే మరుసటి వారం ఒకటి తగ్గించండి.

ఎవరు ఏది

కిరాణా, సంత వ్యాపారులకు, వ్యవసాయం చేసేవారికి, షిఫ్టు కార్మికులకు శ్రమను బట్టి మార్చే పద్ధతి. ఉద్యోగం, ఇంటి వంట రెండూ మోసే ఆడవారికి, రోజుకు ఒక పూటైనా బయట తినేవారికి, శాకాహారులకు ఒక్క పూట అన్నం. నలభై దాటి ఇంతకుముందు ఏ ఆహార నియమమూ పాటించనివారికి కూడా ఇదే. ఐదు-రెండు కావాలని పట్టుబట్టే కుర్రాళ్లు ఆషాఢంలో మొదలుపెట్టి, కార్తీకం రాకముందే ఆపేయడం మేలు. జ్వరం వచ్చిన రోజున, మా వైపు మలేరియా కాలంలో అది తరచుగానే వస్తుంది, ఏ చక్రమైనా పక్కన పెట్టి గంజి తాగండి.

తక్కెడ వారానికి ఒక్కసారే, అది కూడా అన్నం రోజు మరుసటి ఉదయం కాకుండా చూసుకోండి. నడుముకు టేపు పదిహేను రోజులకోసారి చాలు. నేను ఇప్పుడు ఒక్క పూట అన్నం మీదే ఉన్నాను, గురువారం మాత్రం రెండు పూటలు. మొన్న హోటలులో యజమాని అడగకుండానే రెండు గరిటెలు వేసి ఆగాడు. మూడోది వేయబోతూ నా మొహంలోకి చూసి, చేపముక్క వేశాడు.